నాలుగో పేజీలోని బ్రేకు

అమ్మకి నమస్కారాలు.

ఇక్కడ నాన్నా నేనూ క్షేమం. ఈ వాక్యం రాసి చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను. 'క్షేమం' అనేది ఎంత చిన్న మాట, ఎన్నిటి మీద దుప్పటి కప్పేస్తుంది! నువ్వూ క్షేమమనే రాశావు. కానీ ఆ ఊళ్లో రోజంతా కుట్టుమిషను ముందు కూర్చునే నీ నడుము ఎలా ఉందో ఒక్క ముక్క కూడా రాయలేదు. ఈసారి రాయి.

నువ్వు అడిగినవాటికి జవాబులు. వంట నేనే చేస్తున్నాను. మొన్న కూర మాడితే నాన్న "పర్వాలేదే, పుస్తకాలకి అట్ట వెయ్యాలన్నా ఇంత గట్టిది దొరకదు" అంటూ గిన్నె ఖాళీ చేశాడు. వంటింటి కిటికీ గడియ బాగు చేయించాను. పరీక్షలు అయిపోయాయి. వ్యాసరచనలో మొదటి స్థానం నాదే. మాస్టారు నా వ్యాసాన్ని తరగతిలో పైకి చదివి వినిపించారు. నాకు మాత్రం లేచి బయటికి వెళ్లిపోవాలనిపించింది. ఎందుకో కింద రాస్తాను.

నాన్న చెయ్యి సంగతి. కట్టు విప్పి నెల దాటింది. మణికట్టు కొద్దిగా తిరుగుతోంది. బొటనవేలు చూపుడువేలిని తాకుతోంది గానీ పట్టు రావడం లేదు. రోజూ పొద్దున్న తన పెద్ద సూదిని బల్ల మీద పెట్టుకుని ఎత్తడానికి చూస్తాడు. నిన్న ఎత్తాడు. దారం ఎక్కించబోతే జారిపడింది. బైండింగు షాపు యజమాని మంచివాడు, పనిలోంచి తీసెయ్యలేదు. పుస్తకాల మీద పేర్లు అంటించే పని ఇచ్చాడు. కుట్టుబల్ల ముందు నాన్న ఇరవై రెండేళ్లు కూర్చున్న స్టూలు మీద ఇప్పుడు వేరే అతను కూర్చుంటున్నాడట. ఆ మాట చెప్పి వెంటనే "నా ఎడమచెయ్యి ఇంకా ఒకటో తరగతే. పేర్లన్నీ వంకర. ఈ ఏడు తప్పేటట్టుంది" అని నవ్వాడు. నవ్వి, గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఇక నీ ఉత్తరంలో చివరి పేరా. వచ్చే నెల సెలవు దొరికిందనీ, బస్సు దిగీ దిగగానే సైకిల్ షాపు చువ్వల బాబాయి ముందు నిలబడి వీధంతా వినేలా కడిగిపారేస్తాననీ రాశావు. "గేర్లు బిగించడం చేతకానివాడు నా ఇంటాయన చెయ్యి తీశాడు" అన్నావు. అమ్మా, ఆ పని చెయ్యకు. ఎందుకు వద్దంటున్నానో తెలియాలంటే మొదటినుంచీ చెప్పాలి. మధ్యలో ఆపకుండా చదువు.

నువ్వు 'మొండిఘటం' అని పేరు పెట్టిన ఆ సైకిలుకి ముందొక పళ్లచక్రం, వెనకొక పళ్లచక్రం, అంతే. వెనక చక్రం తిరిగినంతసేపూ పెడళ్లు తిరగాల్సిందే. కాళ్లు కదపకుండా హాయిగా సాగిపోవడం దాని మీద కుదరదు. వేగం తగ్గించాలంటే కాళ్లతోనే వెనక్కి ఒత్తిపట్టాలి. ముందు చక్రానికి ఒక బ్రేకు ఉంది గానీ నాన్న దాన్ని ముట్టుకోగా నేనెప్పుడూ చూడలేదు. బైండింగు షాపేమో కొండ మీద. ఆ ఎక్కుడుకి నాన్న మోకాళ్లు వాచిపోతున్నాయని, గేర్లు పెట్టిద్దామని పట్టుబట్టింది నేనే. ఇంతవరకు నీకు తెలుసు.

చువ్వల బాబాయి మొదట ఒప్పుకోలేదు.

"ఏడు పళ్లచక్రాలు దీని వెనక చక్రాన్ని పట్టుకునే ఫ్రేము కాళ్ల మధ్య పట్టవమ్మాయ్. ఇనుము కాబట్టి లాగి వెడల్పు చెయ్యొచ్చు, అది వేరే సంగతి. ఇంతకీ మీ నాన్న అడిగాడా, నువ్వడుగుతున్నావా?"

"ఇద్దరం" అన్నాను.

"ఇద్దర్లో మోకాళ్లు నొప్పెట్టేది ఒకరికే కదా" అని నవ్వి పని మొదలుపెట్టాడు.

రెండు రోజులు పట్టింది. మరలున్న ఇనపకడ్డీతో ఫ్రేము కాళ్లని వెంట్రుకవాసి చొప్పున జరుపుతూ, దారం కట్టి రెండువైపులా కొలుచుకుంటూ, ఎక్కడా వంకర రానివ్వలేదు. కొత్త వెనక చక్రం బిగించాడు. చెయినుకి లంకెలు కలిపి పొడవు చేశాడు. చెయినుని ఒక పళ్లచక్రం మీంచి ఇంకోదాని మీదికి తోసే చిన్న చెయ్యిలాంటి దాన్ని పెట్టి, దాని తీగ హ్యాండిలు దాకా లాగాడు. నేను పక్కనే కూర్చుని చూశాను. ఆ పనిలో వంక పెట్టడానికి లేదమ్మా.

ఆదివారం సాయంత్రం సైకిల్ ఇంటికి తీసుకెళతానని మారాం చేశాను. అప్పుడు బాబాయి నా భుజం పట్టుకుని ఆపాడు.

"ఒళ్లు దగ్గర పెట్టుకుని విను. ఇకమీదట పెడళ్లు వెనక్కి తొక్కితే ఉత్తినే తిరుగుతాయి, బండి ఆగదు. వెనక బ్రేకు తీగ రేపొస్తుంది. అది పెట్టేదాకా మీ నాన్నని ఎక్కనివ్వకు. పెట్టాక కూడా వారం రోజులు చదును రోడ్డు మీద చేత్తో ఆపడం అలవాటు చేయించు. మనిషికి చెప్తే వింటాడు, కాళ్లకి చెప్పడానికి టైము పడుతుంది. చెప్తావుగా?"

"చెప్తాను" అన్నాను.

చెప్పలేదమ్మా. రాశాను.

అప్పుడు నాకు మాటల పిచ్చి కొత్తగా పట్టుకుంది. గేర్లు ఎలా వాడాలో నాన్నకి అందంగా రాసిద్దామనుకున్నాను. నాలుగు పేజీలయింది. మొదటి పేజీలో కొండ వర్ణన. రెండో పేజీలో పళ్లచక్రాలని ఏడు మెట్లున్న నిచ్చెనతో పోల్చాను. మూడో పేజీలో ఏ గేరు ఎప్పుడు వాడాలో రాశాను. అసలు విషయాన్ని చివరిదాకా దాచితేనే చదివేవాళ్లు చివరిదాకా వస్తారని మాస్టారు చెప్పారు కదా. అందుకని బ్రేకు సంగతి నాలుగో పేజీలో, ఆఖరి పేరాలో పెట్టాను.

నాన్న చదవడం మొదలుపెట్టకముందే నా కాగితాలకి ఎడమ అంచున దారంతో కుట్టు వేశాడు. "మా అమ్మాయి మొదటి పుస్తకం. విడివిడిగా ఉంటే బాగుండదు" అన్నాడు. ఇంట్లో ఆ కుడిచెయ్యి వేసిన ఆఖరి కుట్టు అదే. తర్వాత నెమ్మదిగా, వేలితో పంక్తులు పట్టుకుని చదివాడు. నేను ఎదురుగా కూర్చుని ఆయన ముఖమే చూస్తున్నాను. నోటితో చెప్పేస్తే రాసినదాని రుచి పోతుందనిపించింది. మూడో పేజీ అయ్యేసరికి కళ్లు లాగుతున్నాయన్నాడు.

మర్నాడు నాకు పొద్దున్నే తరగతి. బయల్దేరుతుంటే నాన్న గడ్డం గీసుకుంటూ "మిగిలింది సాయంత్రం చదువుతానే" అన్నాడు. "నిచ్చెన పోలిక నచ్చిందా?" అని అడిగాను. "ఎక్కి చూసి చెప్తా" అన్నాడు. నేను నవ్వుకుంటూ వెళ్లిపోయాను. ఆ నిమిషంలో నాకు బ్రేకు గుర్తే లేదు. పోలిక ఒక్కటే గుర్తుంది.

ఎక్కేటప్పుడు కొండ చాలా తేలికగా ఉందట. పనిలో అందరికీ చెప్పుకున్నాడట. సాయంత్రం దిగుతూ మలుపు దగ్గర ఎప్పట్లాగే కాళ్లతో వెనక్కి ఒత్తాడు. పెడళ్లు గిర్రున వెనక్కి తిరిగిపోయాయి. కంగారులో ముందు బ్రేకు ఒక్కసారిగా బిగించేసరికి ముందు చక్రం ఆగిపోయింది, నాన్న హ్యాండిలు మీంచి రాళ్ల మీద పడ్డాడు.

నువ్వు ఆసుపత్రికి వచ్చినప్పుడు "కాళ్లతో ఆపబోతే ఆగలేదు" అని నాన్న చెప్పాడు. "అయితే వాడు సరిగ్గా బిగించలేదన్నమాట" అన్నావు నువ్వు. నేను మంచం కమ్మీ పట్టుకుని అక్కడే నిలబడి ఉన్నాను. నోరు మెదపలేదు. ఇప్పుడు చూడు, ఈ ఉత్తరాన్ని కూడా కూర మాడటంతో మొదలుపెట్టి, అసలు సంగతిని ఇక్కడిదాకా దాచాను. నాకు సిగ్గుగా ఉంది.

నిన్న నాన్నకి అంతా చెప్పేశాను. ఆయన తన వేళ్లనే చూసుకుంటూ, "నేను నాలుగో పేజీ కూడా చదివానే పిచ్చిదానా. చదవనిది నా కాళ్లు" అన్నాడు. నాన్న చదవడం ఎక్కడ ఆపితే అక్కడ దారప్పోగు పెడతాడని నీకు తెలుసు కదా. ఆసుపత్రివాళ్లు ఇచ్చిన ఆయన సంచిలో నా కాగితాలు దొరికాయి. దారప్పోగు మూడో పేజీ మీదే ఉంది. ఆ సంగతి ఆయనకి చెప్పలేదు. నా కోసం ఆడిన అబద్ధాన్ని ఆయన దగ్గరే ఉండనిచ్చాను.

ఈ రోజు చువ్వల బాబాయి షాపుకి వెళ్లాను. అక్కడ బాగుచేయడానికి ఒకే ఒక సైకిల్ ఉంది. గేర్లు బిగించమని ఇప్పుడు ఎవరూ రావడం లేదట. "బ్రేకు సంగతి నాకు ముందే చెప్పానని ఎవరితోనూ ఎందుకు అనలేదు బాబాయ్?" అని అడిగాను. చేతిలో చక్రం తిప్పుతూ, నా వైపు చూడకుండా అన్నాడు: "అంటే ఏమవుతుంది? ఆ మాట మీ ఇంటికొస్తుంది. నా మీదైతే నాలుగు రోజులుండి పోతుంది. నీ మీద పడితే పోదమ్మా."

పోదని నాకూ తెలుసు. అయినా అది నాదే. ఈ ఉత్తరం పోస్టులో వేసి నేరుగా అక్కడికే వెళుతున్నాను. సాయంత్రాలు షాపు పక్కనున్న టీకొట్టు దగ్గర వీధంతా చేరుతుంది. నువ్వు నిలబడతానన్న చోట నేను నిలబడతాను. ఏం చెప్పాలో మూడుసార్లు రాసుకుని, మూడూ చింపేశాను. "బాబాయి నాకు చెప్పాడు, మా నాన్నకి నేను చెప్పలేదు." ఇంతే అంటాను.

ఇట్లు,
నీకు ముందే చెప్పాల్సిన
నీ కూతురు