పందెం అన్న ఒక్క మాట గురించి

వాహన లైసెన్సుల అధికారి గారి సముఖమునకు,
డ్రైవింగ్ స్కూలు మాస్టారి కుమార్తె, అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దే ఉద్యోగిని, రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: మా నాన్నగారి మరణమునకు సంబంధించిన నివేదికలో ‘పందెం’ అను మాటను వచ్చే గురువారం విచారణకు ముందుగానే సవరించుట గురించి.

సూచిక: మా స్కూలు లైసెన్సును ఎందుకు రద్దు చేయరాదో తెలుపవలసిందని మా అమ్మగారి పేర తమ కార్యాలయం పంపిన నోటీసు.

పై విషయమై తమకు మనవి చేసుకొనునది ఏమనగా:

1. మా నాన్నగారు ఇరవై రెండేళ్లుగా ఈ ఊళ్లో డ్రైవింగ్ నేర్పుతున్న మనిషి. ‘నేర్పుతున్న’ అన్నది ‘నేర్పిన’ అని దిద్దవలసి ఉన్నది. చేయి రాలేదు. మన్నించగలరు.

కారు చిన్నది. నెత్తిన పసుపుపచ్చ బోర్డు, వెనక అద్దం మీద ఎర్ర అక్షరం, నేర్పేవారి కాళ్ల దగ్గర రెండో బ్రేకు. ‘‘చిన్న కారైతే భయం కూడా చిన్నగా ఉంటుందమ్మా’’ అనేవారు. క్లచ్చి ఎలా వదలాలో చెప్పడానికి ఆయన దగ్గర ఒకటే మాట ఉండేది: ‘‘నిద్రపోయిన పిల్లని పక్కమీద దింపినట్టు.’’ ఆ మాట విని కారు నేర్చుకున్నవారు ఈ ఊళ్లో రెండు వేల పైచిలుకు ఉన్నారు. తమ కార్యాలయంలో మూడో కౌంటరు దగ్గర కూర్చునే ఆవిడ వారిలో ఒకరు.

నేర్చుకోనిదాన్ని నేనొక్కదాన్నే. నాకు ఇరవై ఆరేళ్లు. రోడ్డంటే భయం. మాస్టారి కూతురికి కారు రాదని మా వీధిలో నవ్వేవారు. పోయిన నెలలో ఆయన ‘‘ఇంక నీ వంతు, లే’’ అన్నారు. లేచాను. ఆ నెల రెండో ఆదివారం ఉదయం ఆరున్నరకు బైపాస్ రోడ్డు మీద ప్రమాదం జరిగింది. కారు నేను నడుపుతున్నాను.

2. తమ నోటీసులో రెండో పేరా, నివేదిక నుంచి ఎత్తి రాసినది, ఇది: ‘సదరు శిక్షణ వాహనము మరి రెండు వాహనములతో కలిసి వేగపందెమునందు పాల్గొన్నట్లు ఆ వాహనములోని వారి వాంగ్మూలమును బట్టియే తెలియుచున్నది.’

ఆ వాంగ్మూలం నాదే.

3. ఆసుపత్రి వరండాలో బల్ల మీద కూర్చున్నాను. కారులోని గాలిసంచి (ఎయిర్‌బ్యాగు) పగిలినప్పటి తెల్లపొడి ఇంకా నా చేతులకి ఉంది. వాంగ్మూలం రాసుకోవడానికి వచ్చిన పోలీసాయన మంచివారు. ముందు మంచినీళ్లు తెప్పించారు.

‘‘గుద్దుకునే ముందు మీ నాన్న ఏమన్నారమ్మా?’’

‘‘ ‘ఇవాళ పందెం మనదే, పోనీ’ అన్నారండీ.’’

‘‘సరిగ్గా ఆ మాటే అన్నారా?’’

‘‘ఆ మాటేనండీ.’’

నేను కాన్వెంటులో చదువుకున్నాను. అడిగినదానికే జవాబు చెప్పాలి, ఉన్నది ఉన్నట్టు చెప్పాలి, గొంతు పెంచకూడదు అని మా సిస్టర్లు నేర్పారు. మూడూ పాటించాను. పందెం ఎవరితో అని ఆయన అడగలేదు. నేను చెప్పలేదు.

రాసింది నా చేతికిచ్చి చూసుకోమన్నారు. రోజుకి నలభై పేజీలు దిద్దే అలవాటు కొద్దీ చూశాను. ఒకచోట ఒత్తు పోయి ఉంటే పెట్టాను కూడా. ఇంకే తప్పూ కనిపించలేదు. సంతకం చేశాను.

4. ఆ పందెం పేపర్లు వేసే తాతగారి సైకిలుతో అని ఇందుమూలముగా తెలియజేసుకుంటున్నాను.

ఆ తాతగారు రోజూ అదే వేళకు బైపాస్ మీదుగా వస్తారు. నేర్చుకునేవాళ్లు కారును ఎంత మెల్లగా నడుపుతారంటే సైకిలు దాటిపోతుంది. దాటేటప్పుడు ఆయన ఒక్కసారి బెల్లు కొడతారు. మా నాన్నగారు ఆయనకు ‘ఛాంపియన్’ అని పేరు పెట్టారు. ‘‘అద్దంలో చూడు, ఛాంపియన్ వచ్చేస్తున్నాడు. కాస్త పరువు నిలబెట్టు తల్లీ!’’ అనేవారు. ఆ మాటకి నేర్చుకునేవాళ్లు నవ్వుతారు. నవ్వితే బిగబట్టిన భుజాలు దిగుతాయి, స్టీరింగు మీద పట్టు సడలుతుంది, పైగా అద్దంలో చూడటం అలవాటవుతుంది. వేళాకోళంలా కనిపించినా అది ఆయన పాఠం. పాఠం చెప్పేటప్పుడు ఆయన ‘పందెం’ అన్న మాటను ఇంకే అర్థంలోనూ వాడగా నేను వినలేదు.

ఆ ఉదయం నేను సైకిలును దాటాను. స్పీడు ముల్లు ఇరవై నాలుగు మీద ఉంది. నాన్నగారు డాష్‌బోర్డు మీద దరువేసి ఆ మాట అన్నారు.

5. తర్వాత నిమిషం కూడా కాలేదు. ఎదురుగా రెండు పెద్ద కార్లు పక్కపక్కన వస్తున్నాయి. ఆ రోడ్డు మీద పోను ఒక వరుస, రాను ఒక వరుస. ఒకటి దాని దారిలో ఉంది. రెండోది మా దారిలో ఉంది.

నివేదికలో ‘శిక్షణ వాహనము హఠాత్తుగా ఒక పక్కకు త్రిప్పబడినది. ఇది పందెపు విన్యాసమై యుండవచ్చును’ అని ఉన్నది. త్రిప్పబడినది అని రాశారు గానీ ఎవరిచేత అన్నది రాయలేదు. ఆ క్షణాన స్టీరింగు మీద నాలుగు చేతులున్నాయి. కారు ఆయన వైపు దెబ్బ తగిలేలా తిరిగింది. భయంతో నేను తిప్పానో, తెలిసి ఆయన తిప్పారో నాకు తెలియదు. తెలుసుకోవాలని ఉంటుంది. తెలియకుండా ఉంటేనే మేలనీ ఉంటుంది. ఈ ఒక్క విషయమై తమ కార్యాలయం ఎటువంటి చర్యా తీసుకోనవసరం లేదు.

మమ్మల్ని గుద్దిన కారు నడిపినాయన దిగి తన కాళ్ల మీద నిలబడ్డారు. ఆయన కారులో ఆరు గాలిసంచులు తెరుచుకున్నాయి. ‘‘సారీ అండీ, కనపళ్లేదు. మరీ ఇంత కారు...’’ అంటూ రెండు చేతులతో కొలత చూపించారు. దాని పక్కన వచ్చిన కారు ఆగలేదు.

వెనక నుంచి సైకిలు తాతగారు వచ్చారు. పంచవలసిన పేపర్లన్నీ రోడ్డు పక్కన పరిచి, నాన్నగారిని మెల్లగా కారులోంచి తీసి, వాటి మీద పడుకోబెట్టారు. నిద్రపోయిన పిల్లని దింపినట్టే దింపారు. నాన్నగారు లేవలేదు.

6. మా కారుకు గాలిసంచి ఒక్కటే ఉన్నది. అది నడిపేవారి వైపు. ‘‘మరి మీ వైపో?’’ అని మొదటి రోజే అడిగాను. ‘‘నీకు సంచీ, నాకు బ్రేకు. చెరొకటీ’’ అన్నారు.

తమ కార్యాలయం ప్రతి ఏటా మా కారును తనిఖీ చేస్తుంది. రెండో బ్రేకు పనిచేస్తున్నదా, రెండో అద్దం ఉన్నదా, బోర్డు కొలతలు సరిగా ఉన్నవా, అక్షరం ఎర్రగా ఉన్నదా అని తనిఖీ ఫారంలో పదకొండు గడులున్నాయి. అన్నిటికీ టిక్కులున్న ఫారాలు మా ఇంట్లో ఫైలు నిండా ఉన్నాయి. నేర్పేవారి ముందు గాలిసంచి ఉన్నదా అన్న గడి లేదు. ఇరవై రెండేళ్లపాటు ఆయన ఆ గడి లేని సీట్లో కూర్చున్నారు. నేర్చుకునేవారు నెలనెలా మారతారు. ఆ సీట్లో మనిషి మారడు.

7. ఆదివారాలు ఉదయం బైపాస్ మీద కార్ల పందేలు జరుగుతున్నాయని మా నాన్నగారు ఇదివరకు తమకే మూడు అర్జీలు పెట్టుకున్నారు. ఆయన చెబుతుంటే నేనే రాశాను. ఆయన ‘‘ఏం, ఎవరైనా చస్తేగానీ రారా వీళ్లు?’’ అని చెప్పినచోట నేను ‘తగు చర్య తీసుకొనగలరని ప్రార్థన’ అని రాశాను. చదివించుకుని నవ్వారు. ‘‘నువ్వు రాస్తే మర్యాద దిగుతుందమ్మా. కోపం మాత్రం ఎక్కడో జారిపోతుంది’’ అన్నారు.

మూడింటికీ ‘సంబంధిత విభాగమునకు పంపడమైనది’ అని జవాబు వచ్చింది. ఆ విభాగం పేరు రాయలేదు. నాలుగో అర్జీ ఇది. ఇందులోంచి ఏం జారిపోయిందో చూసి చెప్పడానికి ఆయన లేరు.

8. స్కూలు లైసెన్సు మా అమ్మగారి పేరున ఉన్నది. అమ్మ కళ్లకు పొర కమ్మింది, అక్షరాలు ఆనవు. నోటీసు నేనే చదివి వినిపించాను. రెండో పేరా వదిలేశాను.

‘‘ఇంకేం లేదా?’’

‘‘లేదమ్మా.’’

‘‘ఇంత కాగితానికి ఇంతేనా? అటు తిప్పి చూడు.’’

తిప్పి చూశాను. వెనక ఏమీ లేదని చెప్పాను. వెనక నిజంగానే ఏమీ లేదు.

అమ్మకు తెలిసింది ఇది: నాన్నగారు నేర్పుతూ పోయారు. పాఠం మధ్యలో, బెల్టు పెట్టుకుని, తన వరుసలో తాను వెళుతూ పోయారు. పరామర్శకు వచ్చిన వాళ్లందరికీ అదే చెబుతుంది. ‘‘పోయినాయన తప్పులేకుండా పోయాడు’’ అంటుంది. ఆమెకు మిగిలింది ఆ మాటే. గురువారం విచారణకు ఆమె స్వయంగా హాజరు కావలెనని నోటీసు చెబుతున్నది.

పోయిన సోమవారం ఈ సంగతి విన్నవించుకుందామని తమ కార్యాలయానికి వచ్చాను. గంటన్నర కూర్చున్నాక గుమాస్తాగారు బయటికి వచ్చి ‘‘పందెం కేసు! పందెం కేసు ఎవరండీ?’’ అని కేక వేశారు. హాలంతా తల తిప్పింది. నేను లేచి నిలబడ్డాను. మూడో కౌంటరు ఆవిడ తల దించుకున్నారు.

‘‘ఈ సంతకం నీదేనా?’’ అన్నారు గుమాస్తాగారు.

‘‘నాదేనండీ.’’

‘‘ఈ మాట నువ్వు చెప్పిందేనా?’’

‘‘నేను చెప్పిందేనండీ.’’

‘‘మరింకేంటమ్మా నీ బాధ?’’

ఆ ప్రశ్నకు నిలబడి జవాబు చెప్పలేకపోయాను. కూర్చుని రాస్తున్నాను.

కావున తమరు దయయుంచి నోటీసు రెండో పేరాలోకి ఎత్తిన ఆ నివేదిక వాక్యాన్ని సవరించవలెను. ఆ ఇద్దరి పందెంలోకి మా కారును చేర్చకుండా, దానికి ఎదురుపడిన కారు అని రాయవలెను. పేపర్ల తాతగారి సాక్ష్యం జత చేశాను. తనిఖీ ఫారంలో పన్నెండో గడి చేర్చవలెను. ఆ సీట్లో రేపు ఇంకొకరి నాన్న కూర్చుంటారు. బైపాస్ మీద ఆదివారం ఉదయం ఒక మనిషిని నిలబెట్టవలెను. ఇవేవీ గురువారంలోగా కాకపోతే, ఆ రోజు మా కేసును ఇంకే పేరుతోనైనా పిలిపించవలెను. నంబరుతో పిలిచినా లేచి వస్తాము.

మూడు అర్జీలు చదివిన ఓపికతోనే ఈ నాలుగోదాన్ని కూడా చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయురాలు,
మాస్టారి కూతురు

మరచినది: నిన్న సాక్ష్యం మీద సంతకం కోసం తాతగారి ఇంటికి వెళ్లాను. కళ్లజోడు వెతుక్కుంటూ ఆయన చెప్పిన సంగతి సాక్ష్యంలో లేదు, అందుకని ఇక్కడ రాస్తున్నాను.

‘‘పన్నెండేళ్లమ్మా, మీ నాన్నకీ నాకూ ఈ పందెం. నన్ను దాటినవాళ్లకి బైపాస్‌తో పనైపోయినట్టే. మర్నాడే మార్కెట్టు రోడ్డుకి మార్చేసేవాడు. ‘వీళ్లకి కారు వచ్చేసింది ఛాంపియన్, ఇంక నీకు కనపడరు’ అనేవాడు నాతో. వాళ్లకి మాత్రం చెప్పేవాడు కాదు, పొగరొస్తుందని.’’

నాకూ చెప్పలేదండీ. నాకు కారు వచ్చేసిందని నాకు నిన్నే తెలిసింది.

ఒకవేళ నిబంధనలు ఒప్పుకోక ఆ మాట తీసివేయడం తమకు వీలుకాకపోతే, అలాగే ఉంచండి. కానీ పక్కన మిగతాది కూడా రాయించండి. పందెం ఎవరితో: సైకిలుతో. వేగం: ఇరవై నాలుగు. గెలిచినది: మేము.