జానెడు దూరం

మిందో,
ఆగస్టు 19, మంగళవారం.

చిరంజీవి దొమెనికాకు అమ్మమ్మ టార్హెలియా ఆశీర్వదించి రాసేది.

ఇక్కడ నేను క్షేమం. పిల్లి క్షేమం. మోకాళ్ల సంగతి మొదలుపెడితే ఇది ఉత్తరంలా కాక ఆసుపత్రి చీటీలా ఉంటుంది కనుక వదిలేస్తున్నాను. క్విటోలో నువ్వూ, మీ అమ్మ హిమేనా క్షేమమనే అనుకుంటున్నాను. అనుకోవడం తప్ప తెలుసుకునే దారి లేకుండా చేసుకున్నది నేనే. ఫోను చేస్తే ఎత్తవు. సందేశం పంపితే చూడవు. మీ అమ్మ ఎత్తుతుంది గానీ, "బాగానే ఉందమ్మా, తింటోంది" అని రెండు ముక్కలు చెప్పి పెట్టేస్తుంది. నా కూతురు నాతో అంత పొదుపుగా మాట్లాడటం నా జన్మలో ఇదే మొదటిసారి. అందుకే ఈ ఉత్తరం రాసి, రేపు పొద్దుటి బస్సులో పార్సిల్‌గా వేస్తున్నాను. కాగితాన్ని మీట నొక్కి మూసెయ్యలేవు కదా. చింపెయ్యొచ్చు. చదివాక చింపు.

ఫిబ్రవరిలో నువ్వు నన్ను ఒక ప్రశ్న అడిగావు. నేను పొత్తి ఆకుల్లో చుట్టి ఉడికించే ఉమీతాల కోసం పచ్చి మొక్కజొన్న రుబ్బుతున్నాను. "అమ్మమ్మా, పురుగుల్నీ పువ్వుల్నీ దగ్గర్నించి తీసే లెన్సు కొనుక్కుంటాను. అరవై మిల్లీమీటర్లదా, వందదా, నూట ఎనభైదా? ఏది కొనమంటావు?" అన్నావు. నేను తల కూడా ఎత్తలేదు. "అరవై. నా జీవితమంతా అరవైతోనే గడిచింది. దగ్గరికి వెళ్లడానికి భయపడేవాళ్లు కొండల ఫొటోలు తీసుకోవాలి" అన్నాను. నువ్వు నవ్వావు. ఆ మాట నాకే ఎంత నచ్చిందంటే, సాయంత్రం పక్కింటి పియెదాద్ దగ్గరికి వెళ్లి మళ్లీ చెప్పి వచ్చాను. జవాబు నీకెంత పనికొస్తుందని ఆలోచించలేదు. ఎంత బాగా అన్నానో మాత్రం చూసుకున్నాను.

ఇక మన ఆర్కిడ్ మిత్రమండలి పోటీ రోజు సంగతి. నీకు తెలిసిందే అయినా రాస్తాను, ఎందుకంటే నేను చేసిన పనిని నా చేతితో నేను రాయాలి.

తెర మీద నీ ఫొటో పడింది. 'టొరీతో' అనే ఆర్కిడ్ పువ్వు, దాని రెండు కొమ్ముల మధ్య ఆకుపచ్చ తేనెటీగ. వీపు మీద ఆ పచ్చ, తోమిన రాగి గిన్నెలా మెరుస్తోంది. హాల్లో అందరూ ఒక్కసారిగా "ఆ..." అన్నారు. నేను న్యాయనిర్ణేత కుర్చీలోంచి లేచాను. "ఇది ఫ్రిజ్జులో పెట్టి తీసిన పురుగు" అన్నాను.

పురుగుల ఫొటోలు తీసే మన గుంపులో ఇంతకంటే పెద్ద తిట్టు లేదు. పురుగును చల్లబరిచి, మొద్దుబారాక పువ్వు మీద కూర్చోబెట్టి, ఓపికగా కాపు కాసినట్టు చూపించుకోవడం. దొంగను దొంగ అన్నా ఇంకో పేరుంటుంది వాడికి. ఫ్రిజ్జు ఫొటో తీసినవాడికి మన ఊళ్లో ఇంకో పేరుండదు.

"కాదమ్మమ్మా, అది బతికున్నదే" అని నువ్వు ఒక్క మాటే అన్నావు. నేనేమో బల్ల మీద వేళ్లు ఆనించి, బడిలో పాఠం చెప్పేటప్పుడు నిలబడ్డట్టే నిలబడి, "బతికున్నదైతే ఎగిరిపోయేది తల్లీ. అరవై లెన్సుతో ఇంత పెద్దగా తియ్యాలంటే బెత్తెడు దూరానికి వెళ్లాలి. ఈ ఈగ బెత్తెడు దూరంలో మనిషిని ఉండనివ్వదు. నేను ప్రయత్నించినన్ని సార్లు ఈ హాల్లో ఎవరూ ప్రయత్నించలేదు. నీ కోసమని అది సింగారించుకుని కూర్చుందా?" అన్నాను. జనం నవ్వారు. వెనక నుంచి ఎవడో, "జున్ను పక్కన పెట్టావా పిల్లా, వెన్న పక్కనా?" అని అరిచాడు. ఇంకా నవ్వారు. నువ్వు నోరు తెరవబోయావు. నేను మండలి అధ్యక్షుడు, మన నోటరీ డాన్ ఎలియేసెర్ వైపు తిరిగి, "తర్వాతిది వెయ్యండి" అన్నాను. ఆయన వేశాడు. తెర మీదికి ఎవరిదో పుట్టగొడుగు వచ్చింది. నువ్వు కుర్చీ కూడా జరపకుండా లేచి, సాయంత్రం బస్సుకు వెళ్లిపోయావు.

నిజం చెప్పమంటే, ఆ వారం నాకు బాగానే గడిచింది. రొట్టెల కొట్టు దగ్గర, "సొంత మనవరాలని కూడా చూడలేదు, న్యాయమంటే టీచరమ్మది!" అన్నారు. నేను వినయంగా తల వంచుకున్నాను. నీకు "ఫ్రిజ్జు పిల్ల" అని పేరు పెట్టారని కూడా అక్కడే విన్నాను. అప్పుడూ తల వంచుకునే ఉన్నాను.

తర్వాత పియెదాద్ వచ్చింది. ఎప్పుడూ వచ్చేటట్టు పెరటి గుమ్మంలోంచి కాదు, వీధి గుమ్మంలోంచి వచ్చింది. అప్పుడే నాకు అనుమానం వేసింది.

"ఏమే టార్హెలియా, నీ మనవరాలు మా వసారాలో ఆ పువ్వు వాడేదాకా ప్రతి పొద్దున్నా కొయ్యబారి నిలబడింది. దోమలు పీక్కుతిన్నా చెయ్యి కదపలేదు. ఆ పిల్లని పట్టుకుని ఫ్రిజ్జంటావా? నా ఫ్రిజ్జులో తేనెటీగకు చోటుంటే నా జున్ను ఎందుకు పాడైపోతోందే?" అంది. కూర్చోమంటే కూర్చోలేదు. "నీ ఇంట్లో కూర్చోను. వచ్చి చూడు" అని చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది.

వాళ్ల అతిథుల గదిలో, మంచం కింద, తువ్వాలు చుట్టి ఉంది నీ లెన్సు. నూట ఎనభైది. పాల సీసా అంత పొడుగు, ఇస్త్రీపెట్టె అంత బరువు. పక్కనే మూడు కాళ్ల స్టాండు. "నీకు తెలిస్తే భయపడ్డానంటావని ఇక్కడ దాచుకుంది. ఇప్పుడు ఫోను చేసి, 'పియెదాద్ పిన్నీ, ఎవరైనా టూరిస్టు కనిపిస్తే అమ్మేసెయ్, కెమెరా కూడా ఇక్కడ అమ్మేస్తున్నాను' అంటోంది. ఎవరికి అమ్మమంటావో నువ్వే చెప్పు, న్యాయమూర్తివి కదా" అంది పియెదాద్.

లెన్సు కొనుక్కుని అమ్మమ్మకు తెలియకుండా మంచం కింద దాచుకోవలసి వచ్చింది నీకు. ఆ తువ్వాలు విప్పుతుంటే నాకు ఎలా ఉందో రాయలేను. పిల్లలు సిగరెట్లు దాచుకుంటారు. నువ్వు నా ఎత్తిపొడుపు నుంచి గాజును దాచుకున్నావు.

పియెదాద్ వసారాలోని 'టొరీతో' మొక్క ఇంకో గెల వేసింది. నిన్న పొద్దున అది విచ్చుకుంది. నీ లెన్సు నా పాత కెమెరాకు బిగించి, స్టాండు మీద పెట్టి, వసారాలో నిలబడ్డాను. వాన ఆగింది. పువ్వు వాసన మొదలైంది. కాసేపటికి అది వచ్చింది, దొమెనికా. ముందు గాలిలో వేలాడింది, తర్వాత కొమ్ముల మధ్య వాలింది. నాకూ దానికీ మధ్య జానెడు దూరం, ఇంకా కొంచెం ఎక్కువే. నేను అక్కడ ఉన్నానని దానికి తెలియనే లేదు. వెంట్రుకలు కనిపించాయి. గీకి గీకి పరిమళం పోగుచేసుకుంటోంది.

"తియ్యవే, తియ్యి! బొమ్మలా నిలబడతావేం?" అని వెనక నుంచి పియెదాద్ గుసగుసగా తిట్టింది. నేను మీట నొక్కలేదు. అది నీ ఫొటో. నేను తీస్తే దొంగతనమవుతుంది, ఈసారి నిజంగానే.

అందుకని ఫిబ్రవరి ప్రశ్నకు ఇప్పుడు జవాబు రాస్తున్నాను. అప్పుడు తల ఎత్తి చెప్పవలసింది.

మూడు లెన్సులూ పువ్వును ఒకే పరిమాణంలో చూపిస్తాయి. నువ్వు ఎక్కడ నిలబడాలన్నదే తేడా. అరవైది తేలిక, చేతిలో పట్టుకుని అడవంతా తిరగొచ్చు. నాచుకీ, పుట్టగొడుక్కీ, పారిపోలేని దేనికైనా అది చాలు. కానీ బెత్తెడు దూరానికి వెళ్లాక మన నీడే పువ్వు మీద పడుతుంది. మన ఊపిరి తగులుతుంది. వెనక ఉన్న చెత్తంతా ఫొటోలోకి వస్తుంది. వందది మధ్యరకం, మొదటిసారి కొనేవాళ్లకు నిర్భయంగా చెప్పొచ్చు. నూట ఎనభైది బరువు, స్టాండు లేకపోతే గుండె కొట్టుకున్నా ఫొటో అదురుతుంది, ఓపిక లేనివాళ్లకు అది ఇనుపముక్క. కానీ వెనక అడవంతా కరిగి ఒకే ఆకుపచ్చ రంగవుతుంది. ఎదుట ఉన్న ప్రాణి తన పని తాను చేసుకుంటుంది.

నువ్వు సరైనదే కొన్నావు. నన్ను అడిగి కాదు, తేనెటీగను చూసి కొన్నావు.

నిన్న సాయంత్రం డాన్ ఎలియేసెర్ ఇంటికి వెళ్లి సంగతి చెప్పాను. ఆయన కాఫీ పోసి, "దానికేముంది టీచరమ్మా! పిల్ల దగ్గర అరవై లెన్సే ఉందనుకున్నాను, పొరబడ్డాను అని ఒక్క ముక్క చెప్పండి. ఎవరూ ఏమీ అనుకోరు. పైగా మీ వయసుకి..." అన్నాడు. "వయసును ఇందులోకి లాగావంటే నీ నోటరీ ముద్ర తీసి నీ నుదుటి మీదే వేస్తాను" అన్నాను. ఆయన నవ్వాడు. కానీ ఆ సలహా నాకు నచ్చింది. వచ్చే ఆదివారం మండలి సమావేశంలో అందరి ముందూ నిలబడి అలాగే చెబుతాను. నీ ఫొటో మండలి హాలు తలుపు పక్క గోడకు ఎక్కుతుంది. అక్కడున్న నాది దిగుతుంది. నాది నీకు గుర్తే కదా: 'టొరీతో' పువ్వు, తేనెటీగ లేనిది.

నువ్వు రావాలని అడగను. అడిగే మొహం లేదు. కెమెరా మాత్రం అమ్మకు. నా మీద కోపాన్ని నా మీదే తీర్చుకో, నీ కళ్ల మీద కాదు. లెన్సును నా ఉన్ని శాలువాలో చుట్టి ఈ ఉత్తరంతో పాటు పంపుతున్నాను. శాలువా తిరిగి పంపనక్కర్లేదు. పైన ఉమీతాలు పెట్టాను. లెన్సుకు అంటకుండా వేరే సంచిలో ఉన్నాయి, కంగారు పడకు. మీ అమ్మకు రెండు మిగుల్చు.

నిన్ను పదిమందిలో నవ్వులపాలు చేసిన
నీ అమ్మమ్మ,
టార్హెలియా

తా.క. కవరు అంటించి పడుకోబోయాను. మళ్లీ లేచి విప్పాను.

లెన్సు సంగతి నాకు నిజంగానే తెలియదు. కానీ పొరబడ్డాననడం అబద్ధం. ఆ రోజు తెర మీద తేనెటీగ ఒళ్లంతా స్పష్టంగా ఉంది. ముందు కాలు ఒక్కటి మాత్రం మసకగా ఉంది, పువ్వును గీకుతున్న కాలు. కదులుతున్న కాలు. చచ్చిన పురుగు కాలు కదపదు, చలికి మొద్దుబారినదీ కదపదు. ఈ సంగతి మీ అమ్మకు బడిలో చెప్పింది నేను, నీకు వంటింట్లో చెప్పింది నేను. నీ ఫొటో పడగానే నా చూపు ముందు ఆ కాలి మీదికే వెళ్లింది. ఫొటో బతికున్నదానిదేనని లేచి నిలబడక ముందే నాకు తెలుసు. "తర్వాతిది వెయ్యండి" అని తొందరపెట్టింది ఇంకెవరూ ఆ కాలిని చూడకూడదనే.

ఆ ఈగ వెంట నేను ఎన్ని పొద్దులు తిరిగానో నీకు తెలుసు. నాకు దక్కినవన్నీ అది లేచిపోయాక మిగిలిన పువ్వులే. నీకు దక్కింది. హాలంతా "ఆ..." అంది. నా ఫొటోకు ఎవరూ ఎప్పుడూ అలా అనలేదు. అంతే. ఇంతకంటే పెద్ద కారణం వెతికాను, దొరకలేదు.

ఆదివారం లెన్సు గురించి చెబితే జనం జాలిపడతారు, చప్పట్లు కూడా కొడతారేమో. కాలి గురించి చెబితే కొట్టరు. నువ్వు వచ్చినా, రాకపోయినా, ముందు కాలి గురించే చెబుతాను. నీ ఫొటో తెర మీద వేయించి, కర్ర పుచ్చుకుని, ఆ మసక ఎక్కడుందో అందరికీ చూపిస్తాను. చూపించడానికి వెతుక్కోనక్కర్లేదు నేను.