నాన్న మందు, మన మజ్జిగ

పటమట,
మంగళవారం మధ్యాహ్నం

అక్కకి,

నీ చెల్లెలు సుజాత నమస్కరించి రాస్తున్నది. నువ్వూ బావగారూ పిల్లలూ బాగున్నారని తలుస్తాను. నీ మోకాలి నొప్పి తగ్గిందా? బావగారు తెచ్చిన ఆ నూనె రాస్తున్నావా, అటక మీద పెట్టేశావా? నాట్లు అయిపోయాయని విన్నాను. కాలవ నీళ్ళు చివరి చేలదాకా వస్తున్నాయా? గేదె ఈనిందట కదా, దూడ పెయ్యేనా? ఇక్కడ మేమంతా క్షేమమని రాయడం వాడుక. నేనూ మీ మరిదీ క్షేమమే. నాన్న సంగతి రాయడానికే ఈ ఉత్తరం.

రోజూ ఫోన్లో మాట్లాడుకుంటూ ఉత్తరమేమిటి అనుకుంటావు. మా రెండు గదుల ఇల్లు నీకు తెలుసు. నాన్నకి చెవి మందగించినప్పటి నుంచీ నీ ఫోను వస్తే స్పీకరు పెట్టి తీరాలి. వంటింట్లోకి వెళ్ళి మాట్లాడదామంటే "ఎవరే, పెద్దమ్మాయా?" అంటూ వెనకే వస్తాడు. అందుకని ఇది ఖాళీ పెరుగు క్యాను సంచిలో పెట్టి అవనిగడ్డ బస్సు డ్రైవరుకి ఇస్తున్నాను. నువ్వొక్కదానివే కూర్చుని చదువు. చదివాక బావగారికి చెప్పాలో వద్దో నీ ఇష్టం.

మేం ఇక్కడికి వచ్చి రెండేళ్ళు దాటింది. ఇంకా ఇది నా ఊరని అనిపించడం లేదక్కా. వాన పడితే రోడ్డు మీద మోకాళ్ళ లోతు నీళ్ళు, పడకపోతే ఒళ్ళంతా జిడ్డు కారే ఉక్క. బడిలో నా తెలుగు పీరియడంటే పిల్లలకి లెక్కల హోంవర్కు చేసుకునే సమయం. పక్కింటావిడ మంచిదే, కానీ తలుపు తీస్తే ఏసీ చల్లదనం పోతుందని మాట కూడా సందులోంచే మాట్లాడుతుంది. నాన్న వచ్చాక ఇంటికి మనిషి వచ్చినట్టు అయింది. ఈ సమయంలో ఆ మాట అనకూడదేమో, కానీ నిజం. జబ్బు మనిషిని చూసుకోవడానికి తెచ్చుకుని, నేనే ఆయన పక్కన కూర్చుని నా కష్టాలన్నీ చెప్పుకున్నాను.

ఇక అసలు సంగతి. నీకు తెలిసిన ముక్కలు కూడా మళ్ళీ రాస్తున్నాను, ఎందుకంటే ఫోన్లో నీకు సగం సగం చెప్పాను. వేసవిలో నాన్నని తెచ్చినప్పుడు, రక్తం పోతుంటే మొలలే అనుకున్నాం కదా. పరీక్ష చేసి పేగు చివర గడ్డ ఉందన్నారు. చెడ్డదే, కానీ తొందరగా తీసేస్తే మళ్ళీ మామూలుగా తిరుగుతాడన్నారు. ఆపరేషనుకి ముందు రక్తం చూస్తే ప్లేట్‌లెట్లు పద్నాలుగు వేలు. మామూలు మనిషికి లక్షన్నర పైన ఉండాలట. ఇంత తక్కువుంటే రక్తం ఆగదు, కత్తి పెట్టలేనని సర్జనుగారు రక్తం డాక్టరమ్మగారి దగ్గరకు పంపారు. ఆవిడ ఎముకలో మూలుగ కూడా తీయించి చూసి, "వేరే ఏమీ కాదమ్మా, ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక శక్తే పొరపాటుపడి ప్లేట్‌లెట్లని చంపేస్తోంది. మందులతో యాభై వేలు దాటిద్దాం, అప్పుడు ఆపరేషన్" అన్నారు.

ముందు స్టీరాయిడ్లు ఇచ్చారు. అవి మనిషిని మార్చేశాయి. మొహం ఉబ్బింది, షుగరు ఆకాశానికి పోయింది, పొట్టలో ఇన్సులిన్ సూదులు. ఎన్నడూ గట్టిగా మాట్లాడని నాన్న కూరలో ఉప్పు తక్కువైందని కంచం తోసేశాడు. తోసేసి, పావుగంట తర్వాత వచ్చి మెతుకులన్నీ తనే ఏరాడు. వేపపుల్ల మాన్పించాం, చిగుళ్ళలోంచి రక్తం వస్తోందని. గడ్డానికి రేజరు వద్దన్నారు. చేతుల మీద ఎక్కడ పట్టుకుంటే అక్కడ ఊదా రంగు మచ్చలు. ఆటో ఎక్కించడానికి రెక్క పట్టుకుంటే, మర్నాటికి నా నాలుగు వేళ్ళూ అచ్చు పడ్డాయి. కౌంటు కాస్త పెరిగింది, మందు తగ్గించగానే మళ్ళీ పడిపోయింది.

అప్పుడు ఈ కొత్త బిళ్ళ రాశారు. రోజుకొకటి, పొద్దున్నే పరగడుపున. వేసుకున్నాక నాలుగు గంటలపాటు పాలు, పాల పదార్థాలు తీసుకోకూడదని డాక్టరమ్మగారు నాకే చెప్పారు, నేనే విన్నాను. ఇంటికి రాగానే నాన్నకి పాలు మాన్పించాను, కాఫీ మాన్పించాను. ఆయన కాఫీ కోసం చిన్నపిల్లాడిలా బతిమాలినా ఇవ్వలేదు. ఎంత జాగ్రత్తగా ఉన్నానో అని నాకు గర్వం కూడా.

మూడో రోజు బిళ్ళ వేసుకోగానే కడుపులో మంటగా ఉందన్నాడు నాన్న. నీకు ఫోను చేశాను. "పెద్ద మందులు వేడి చేస్తాయే. మజ్జిగ పట్టు, చలవ చేస్తుంది. ఇక్కణ్ణుంచి పెరుగు పంపుతాను, ఆ ప్యాకెట్ పెరుగు పెట్టకు" అన్నావు. నాకూ అదే తోచింది. ఎవరికి తోచదు? మనింట్లో జ్వరం బిళ్ళ వేసుకున్నా వెనకాల మజ్జిగ తాగాల్సిందే. మర్నాటి నుంచీ తొలి బస్సుకి నీ క్యాను రావడం, మీ మరిది పటమట స్టాపులో నిలబడి అందుకోవడం. ఏడింటికి బిళ్ళ, వెంటనే గ్లాసుడు మజ్జిగ, ఎనిమిదింటికి పెరుగన్నం. నాన్నకి మంట తగ్గింది. మొహంలో కళ కూడా వచ్చింది. "ఇది పెద్దమ్మాయి తోడేసిన పెరుగే, పులుపు చూస్తే తెలవట్లా?" అని మూత తీసి నాకు వాసన చూపించేవాడు.

కౌంటు మాత్రం కదల్లేదు. పందొమ్మిది వేలు, ఇరవై ఒకటి, మళ్ళీ పద్దెనిమిది. మోతాదు పెంచారు, అయినా అంతే. ఆ రోజుల్లోనే నువ్వు "ఆ డాక్టరమ్మకి ఏవీ తెలవదు, వేరే చోట చూపించండి" అని కేకలేశావు, నేను అవునవునన్నాను. అలా నెల దాటిపోయింది.

చివరికి ఆవిడ నన్ను పక్కన కూర్చోబెట్టి, నాన్ననే అడిగారు. "పెద్దాయనా, పొద్దున లేచిన దగ్గర్నించీ ఏం చేస్తారో వరసగా చెప్పండి."

తనని అడిగారని నాన్నకి హుషారు వచ్చింది. "లేస్తానండి. మొహం కడుక్కుంటానండి. బిళ్ళ ఏసుకుంటానండి. వేడి చెయ్యకుండా మా అమ్మాయి మజ్జిగ ఇస్తదండి. మా ఊరి పెరుగేనండి, బస్సుకొస్తది."

ఆవిడ కలం కింద పెట్టారు. "మజ్జిగా? పాల పదార్థాలు వద్దన్నాను కదమ్మా?"

"పాలు మానేశామండీ, కాఫీ కూడా ఇవ్వట్లేదండీ" అన్నాను నేను.

"పెరుగు దేంతో చేస్తారమ్మా?"

ఆవిడే మళ్ళీ, "రోజూ ఇస్తున్నారా?" అని అడిగారు. నేను నోరు తెరిచేలోపే నాన్న అన్నాడు, "ఒక్క పూట కూడా తప్పలేదండి. మా అమ్మాయి ఆ ఇషయంలో గట్టిది."

పాలల్లో ఉండే సున్నం, అదే కాల్షియం, ఆ బిళ్ళని పట్టేసుకుంటుందట, మందు ఒంటికి పట్టకుండానే పోతుందట. ఆవిడ తిట్టలేదు. తిడితే బాగుండేది. ఒక కాగితం మీద గడియారం బొమ్మ గీసి, ఏ గంటకి ఏది తినాలో పిల్లలకి చెప్పినట్టు చెప్పారు. చదివి అర్థం చేసుకోండర్రా అని రోజూ బడిలో అరిచే నేను ఆ కాగితం పట్టుకుని బయటికొచ్చాను. పాలంటే నా దృష్టిలో పాలూ కాఫీ అంతే. పెరుగు అన్నంలో భాగం, మజ్జిగ మందుకి విరుగుడు. అవి పాల పదార్థాల్లోకి వస్తాయని ఒక్కసారీ తట్టలేదక్కా.

ఆటోలో నాన్నే నన్ను ఓదార్చాడు. "మజ్జిగేం చేస్తదే పిచ్చిమొహమా, డాక్టర్లన్నాక ఏదోటి అనాలిగా" అన్నాడు. ఆ మర్నాటి నుంచీ బిళ్ళ వేసుకున్నాక మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదు. మంట వస్తే కడుపు మీద చెయ్యి పెట్టుకుని గోడకేసి తిరిగి పడుకున్నాడు. పెరుగన్నం మధ్యాహ్నమే. నీకు మాత్రం నేను చెప్పలేదు. నువ్వు పొద్దున్నే లేచి, మోకాళ్ళ నొప్పితో బస్సు దాకా నడిచి పంపించిన పెరుగు అది. తప్పు నీది కాదు. నువ్వు చెప్పేటప్పటికి నీకు ఆ నియమం తెలియదు. డాక్టరు చెప్పగా విన్నదాన్ని నేను. ఈ ముక్క రెండుసార్లు చదువు.

ఇక మంచి కబురు. మూడు వారాలు తిరిగేసరికి ప్లేట్‌లెట్లు ముప్పై ఎనిమిది వేలు, నిన్న అరవై నాలుగు వేలు. నాన్న ఆ రిపోర్టు కాగితం జేబులో పెట్టుకుని పక్కింటావిడకి, ఇస్త్రీ అతనికి, అందరికీ చూపించాడు. "ఇంక కోసెయ్యమను" అన్నాడు. ఇంటికి వెళ్ళేటప్పుడు కట్టుకోవడానికి జరీ అంచు పంచె ఇస్త్రీకి వేయించాడు.

ఇప్పుడు రాయాల్సింది రాస్తున్నాను. ఆపరేషను కోసమని నిన్ననే మళ్ళీ స్కాన్ తీశారు. గడ్డ పెరిగి మలద్వారం దాకా దిగింది. పేగుని ఇక మామూలు దారికి కలపడం కుదరదని సర్జనుగారు నన్ను బయటికి పిలిచి చెప్పారు. పొట్ట పక్కన రంధ్రం చేసి, మలం పోవడానికి సంచి తగిలిస్తారు. కొన్నాళ్ళకి కాదక్కా, ఉన్నన్నాళ్ళూ. ఆ నెల పోకుండా ఉంటే ఇలా అయ్యేదా అని అడిగాను. "చెప్పలేమమ్మా. అప్పుడైనా అవసరమయ్యేదేమో" అన్నారు. నా ముఖం చూసి అన్నారో, నిజంగానే అన్నారో నాకు తెలియదు. ఎవరికీ ఎప్పటికీ తెలియదు. అదే నన్ను తినేస్తోంది.

నాన్న సంగతి నీకు తెలుసు. పంచెకి రక్తం మరక అంటితే నాకు కనబడకుండా తనే ఉతికి, మెట్ల కింద ఆరేసుకునే మనిషి. వార్డులో అలాంటి సంచితో ఉన్న ఒకాయన్ని చూసి, "ఆ బతుకు నాకైతే ఒద్దు తల్లీ, పోనివ్వమంటా" అన్నాడు. అప్పుడు ఊరికే అన్న మాట. ఇప్పుడు చెబితే ఆపరేషనే వద్దంటాడని నా భయం. వద్దంటే పేగు మూసుకుపోవడానికి ఎంతో కాలం పట్టదట. ఇంత కష్టపడి పెంచిన ప్లేట్‌లెట్లు ఎందుకూ కొరగాకుండా పోతాయి.

శుక్రవారం పదింటికి సర్జనుగారు నాన్నకి అంతా చెప్పి సంతకం తీసుకుంటారు. నువ్వు గురువారమే రా. నీ మోకాళ్ళకి కష్టమని తెలుసు, మీ మరిది బస్సు దగ్గరికి వస్తాడు. సంచి మార్చడం నేర్పిస్తానని నర్సు చెప్పింది, నేను నేర్చుకుంటాను. ఆయన నన్ను చేయనివ్వడు, అయినా నేర్చుకుంటాను. తర్వాత నా దగ్గరుంటాడా, నీ దగ్గరుంటాడా అని మనం ఆయన ముందు వాదించుకోవద్దు. నువ్వు నన్ను తిట్టాలనుకున్నదంతా గురువారం సాయంత్రం మేడ మీదికి వెళ్ళి తిట్టు. ఒక్కమాట ఎదురు చెప్పను.

బావగారికి నా నమస్కారాలు. పిల్లలకి ముద్దులు. వీధి చివర పెద్దమ్మకి దణ్ణాలు చెప్పి, నాన్న పేరున అమ్మవారి దగ్గర దీపం పెట్టమను. నీ ఆశీర్వాదం నాకు ఎప్పటికంటే ఇప్పుడే ఎక్కువ కావాలి.

పొద్దున నాన్న జరీ పంచె మడత చూసుకుంటూ అడిగాడు, "దసరాకి ఇంట్లో ఉంటానా చిన్నమ్మాయ్?" అని. ఉంటావు నాన్నా అన్నాను. ఎలా ఉంటాడో చెప్పలేదు.

రా అక్కా.

నీ చెల్లెలు,
సుజాత