తెల్లారితేనే తారీఖు

జనవరి 22

హాస్టల్ కింద షాపులో ఈ పుస్తకం కొన్నాను. ఎవరికోసం రాస్తున్నానో తెలీదు. పదహారేళ్ళు రోజూ ఏదో ఒకటి రాసిన చెయ్యి, ఊరుకోమంటే ఊరుకోవడం లేదు.

ఇవాళ అసైలం ఫారం ఇచ్చారు, ఈ దేశంలో ఆశ్రయం అడిగే కాగితం. నలభై పేజీలు. అమ్మ పుట్టిన తేదీ, నాన్న పుట్టిన తేదీ, వచ్చిన దారి, దిగిన చోటు, ఒంటిమీద మచ్చలు. ఎందుకు వెనక్కి వెళ్ళలేరు అన్నదానికి నాలుగు గీతలు ఇచ్చారు. మచ్చలకి ఐదు.

ఉద్యోగం అన్నచోట ఆస్పత్రి క్లర్కు అని రాశాను. మార్చురీ రిజిస్టర్ రాసేదాన్ని అంటే భయపడతారేమోనని. నిజానికి అంత నెమ్మదైన ఆఫీసు ఇంకోటి ఉండదు. వచ్చినవాళ్ళెవరూ కౌంటర్ దగ్గర అరవరు.

జనవరి 23

ఫారం సగమే అయింది. చలి మాత్రం ఫుల్లు.

ఫిబ్రవరి 11

ఫ్రీ లాయర్ని ఇచ్చారు. జుట్టు పొట్టిగా కత్తిరించుకుని, ఎప్పుడూ రైలు తప్పిపోతుందేమో అన్నట్టు ఉంటుంది. పక్కన ట్రాన్స్‌లేటర్, మన భాష పిల్ల. అక్కా అని పిలిచింది. ఆ ఒక్క పిలుపుకే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సిగ్గేసింది.

మొదటినుంచీ చెప్పమంది లాయరు. చెప్పాను. నవంబర్లో పోలీసులు ఒక శవాన్ని తెచ్చారు. ఫ్యాక్టరీ యూనియన్ లీడరు. కాలవలో పడి పోయాడన్నారు. మా డాక్టరుగారు కోసి చూసి, రెండు బుల్లెట్లు ట్రేలో వేసి, ఉన్నది ఉన్నట్టు రిజిస్టర్లో రాయమన్నారు. రాశాను. ఎందుకో ఆ పేజీని ఫోన్లో ఫోటో తీసి పెట్టుకున్నాను. మూడో రోజు, రిపోర్టు మార్చమని మనుషులొచ్చారు. డాక్టరుగారు ససేమిరా అన్నారు. ఆ వారంలోనే ఆయన స్కూటర్ని లారీ గుద్దింది. ఆయన పేరు కూడా రిజిస్టర్లో నేనే ఎక్కించాను. తర్వాత లీడరు భార్య వచ్చి గుమ్మంలో కూర్చుంటే చూడలేక, ఫోటో ఆవిడకి పంపాను. అది బయటికి పొక్కింది. అప్పట్నుంచి నా వెనక పడ్డారు. మా పాపని చెల్లి దగ్గర దింపి, కట్టుబట్టలతో వచ్చేశాను.

కేసు గట్టిదే అంది లాయరు. ఒప్పుకుంటే పాపని కూడా ఇక్కడికి పిలిపించుకోవచ్చట. పాపకి పదమూడు. నాకు కావలసింది ఆ ఒక్కటే. ఈ దేశం, ఈ చలి, వీళ్ళ ఉప్పులేని సూపు, ఇవన్నీ ఆ ఒక్కదానికోసం భరిస్తున్నాను.

మార్చి 3, తెల్లవారుజాము నాలుగు

నిద్ర లేదు. ఇంటర్వ్యూ టోకెన్ కోసం ఐదింటికల్లా లైన్లో ఉండాలట. రూమ్మేట్ గురక పెడుతోంది. ఆవిడ భాష నాకు ఒక్క ముక్క రాదు, గురక మాత్రం బాగా అర్థమవుతుంది. ఇద్దరం ఒకే బల్బు కింద ఆరు వారాలుగా ఉంటున్నాం. సాక్సులు రెండు జతలు తొడుక్కున్నాను. వెళ్తున్నాను.

మార్చి 4, సాయంత్రం

ఆరు గంటల ఇంటర్వ్యూ. ఆఫీసర్ మర్యాదస్తుడు. నీళ్ళిచ్చాడు, టిష్యూల డబ్బా నా వైపు జరిపాడు. మధ్యాహ్నం దాకా బాగానే నడిచింది.

తర్వాత ఫోటోలోని పేజీ చూపించాడు. శవం అందినది నవంబరు 14, ఉదయం 2-10 అని ఉంది, రాసింది మీరేనా అన్నాడు. నేనేనన్నాను. అప్పుడు ఒక పేపర్ కటింగ్ పక్కన పెట్టాడు. నవంబరు 14 సాయంత్రం, ఫ్యాక్టరీ గేటు ముందు అదే మనిషి మైకు పట్టుకుని మాట్లాడుతున్నాడు. తెల్లారకముందే మార్చురీకి వచ్చినవాడు సాయంత్రం మీటింగులో ఎలా మాట్లాడాడని అడిగాడు.

నా బుర్ర మొద్దుబారిపోయింది. పద్నాలుగే అన్నాను. మళ్ళీ అడిగాడు. పద్నాలుగే. మూడోసారీ పద్నాలుగే. పిచ్చిదాన్ని.

బయట కారిడార్లో కూర్చున్నాక వెలిగింది. మా దగ్గర డ్యూటీ ఉదయం ఆరింటికి మారుతుంది. ఆరయ్యేదాకా పాత తారీఖే. అర్ధరాత్రి దాటి ఎవరొచ్చినా ముందురోజు పేజీలోకే ఎక్కుతారు. పదహారేళ్ళు అలాగే రాశాను. మాకు తెల్లారితేనే తారీఖు. లోకం లెక్కలో అది పదిహేను. చెబుదామని వెనక్కి పరిగెత్తితే తలుపు తాళం వేసి ఉంది. ట్రాన్స్‌లేటర్ పిల్ల నాకంటే ఎక్కువ బాధపడింది. తెలిసినా లోపల తను ఒక్క మాట అదనంగా అనకూడదట.

ఇంకొకటి కూడా అడిగాడు. ఆ రిజిస్టర్ని మీరెప్పుడైనా మార్చారా అని. లేదన్నాను.

మార్చి 5

మార్చాను.

ఇది ఎవరూ చదవరు కాబట్టి రాస్తున్నాను. డాక్టరుగారి దహనం అయిన మర్నాడు ఇద్దరు వచ్చారు. బల్ల మీద ఒక బ్లేడు పెట్టారు. పక్కన పాప ఫోటో పెట్టారు, స్కూలు గేటు దగ్గర తీసింది. ఏం చెయ్యాలో వేరే చెప్పనక్కర్లేదు. నేనే పేజీ కోశాను. కొత్త పేజీ అతికించి, నీట మునిగి మరణం అని రాశాను. అదే పెన్ను, అదే తారీఖు. వాళ్ళలో పెద్దవాడు చదువుకుని, దస్తూరి ముత్యాల్లా ఉందని మెచ్చుకున్నాడు.

డాక్టరుగారు ప్రాణం పెట్టి నిలబెట్టిన రెండు లైన్లని నేను రెండు నిమిషాల్లో తీసేశాను. లాయరుకి చెప్పలేదు. చెల్లికి కూడా చెప్పలేదు. లీడరు భార్యకి ఫోటో పంపింది ధైర్యం వల్ల కాదు, అపరాధం వల్ల.

మార్చి 19

రూమ్మేట్‌కి ఉత్తరం వచ్చింది. సంచి సర్దుకుని వెళ్ళిపోయింది, ఎటో తెలీదు. గురక లేక నిద్ర పట్టడం లేదు.

ఏప్రిల్ 8

నాకూ వచ్చింది. కుదరదన్నారు.

ట్రాన్స్‌లేటర్ పిల్ల చదువుతూ చదువుతూ గొంతు తగ్గించేసింది. దరఖాస్తుదారు ముఖ్యమైన తేదీ విషయంలో నమ్మదగిన వివరణ ఇవ్వలేకపోయిందట. తర్వాత లాయరు రాసి పంపిన వివరణకి రుజువు లేదట. ఆ పత్రం తర్వాత తయారుచేసిందై ఉండొచ్చట. పద్నాలుగు రోజుల్లో అప్పీలు చేసుకోవాలి, లేకపోతే వెనక్కి పంపేస్తారు. మళ్ళీ పద్నాలుగు. ఈ అంకె నన్ను వదిలేలా లేదు.

ఏప్రిల్ 8, తెల్లవారుజాము నాలుగున్నర

చెల్లి ఫోన్ చేసింది. వాళ్ళకప్పుడు మిట్టమధ్యాహ్నం. వీధి చివర మూడు రోజులుగా ఎవడో బండి ఆపుకుని నిలబడుతున్నాడట. మరిది పాపని స్కూలు మాన్పించాడట. ఆయన కోప్పడలేదు కానీ, ఇంకెన్నాళ్ళు వదినా అన్నాడు. ఆ అడగడంలో తప్పేం లేదు, ఆయనకీ పిల్లలున్నారు.

పాప ఫోన్ తీసుకుని, నా చెప్పులు తనకి సరిపోతున్నాయని చెప్పింది. కాళ్ళు అంత పెరిగాయి. దగ్గరుండి చూడలేదు. ఫోన్ పెట్టేశాక బాత్రూంలో కుళాయి తిప్పి ఏడ్చాను.

ఏప్రిల్ 15

అప్పీలుకి వారమే ఉంది. మా ఆఫీసులో తారీఖు ఇలా వేస్తారని రుజువు కావాలి. ఆస్పత్రికి లాయరు రాసిన ఉత్తరాలకి జవాబు లేదు. నా తర్వాత డ్యూటీ ఎక్కే ఆయనకి నేనే ఫోన్ చేశాను. గొంతు విని పెట్టేశాడు. తప్పుపట్టను. ఎవరి మెడ వాళ్ళకి ముద్దు.

లాయరు చెప్పిన టైము రాసుకుందామని ఈ పుస్తకం తీశాను. ఇదేంటని అడిగింది. డైరీ అన్నాను. ట్రాన్స్‌లేటర్ పిల్లని పైన తారీఖులు మాత్రం చదవమంది. మార్చి 3, తెల్లవారుజాము నాలుగు. అది టోకెన్ లైనుకి వెళ్ళిన రోజన్నాను. టోకెన్ మీద స్టాంపు చూస్తే మార్చి 4. చెల్లి ఫోన్ కూడా అంతే. పుస్తకంలో ఎనిమిది, ఫోన్లో తొమ్మిది. లాయరు కుర్చీలోంచి లేచిపోయింది. ఈ మనిషికి తెల్లారేదాకా తారీఖు మారదు, ఇంతకంటే సాక్ష్యం ఎక్కడ దొరుకుతుంది అంది. నన్ను వాటేసుకుంది కూడా. తను నవ్వడం చూసింది అదే మొదటిసారి.

ఆ తర్వాత చెప్పింది. పుస్తకం అసలుదే ఇవ్వాలి. మొత్తం ఇవ్వాలి. ప్రతి పేజీ అనువాదం అవుతుంది. ఒక్కటి తగ్గినా పనికిరాదు.

మార్చి 5 కూడా అందులోనే ఉంది.

ఏప్రిల్ 16

ఉదయమే వెళ్ళి మార్చి 5 సంగతి లాయరుకి చెప్పేశాను. ట్రాన్స్‌లేటర్ పిల్ల సగంలో ఆగిపోయి, నా మొహం చూసి, మళ్ళీ మొదలుపెట్టింది.

లాయరు పెన్నుకి మూత పెట్టేసింది. ప్రమాణం చేసి అబద్ధమాడినట్టు ఒప్పుకోవడమే అంది. ఆఫీసర్ దాన్ని పట్టుకున్నాడంటే కేసు మొత్తం పోవచ్చు. నమ్మితే మాత్రం, నన్ను బెదిరించారనడానికి దానికి మించిన రుజువు లేదు. పుస్తకం ఇవ్వకపోతే తారీఖు గొడవ తేలదు. తను ఏదీ దాచదట, తన వృత్తి ఒప్పుకోదట. ఇవ్వాలో వద్దో మీరే తేల్చుకోండి అంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

రూముకొచ్చి కత్తెర ముందు పెట్టుకున్నాను. నాకు పేజీ కోయడం కొత్త కాదు. కుట్టు దాకా ఆనించి కోసి, అవతలి జత పేజీ కూడా తీసేస్తే ఎంతటివాడూ కనిపెట్టలేడు. లాయరుకి తెలుసు, నిజమే. ఇంకో పుస్తకం కొని మొత్తం తిరగరాసినా రాయగలను. నా దస్తూరి ముత్యాల్లా ఉంటుంది కదా.

ఒకసారి పాపకోసం కోశాను. కోసినా పాప నా దగ్గర లేదు. డాక్టరుగారు లేరు. ఆ పేజీ లేదు. కోసిన సంగతి మాత్రం నాతోనే విమానం ఎక్కి వచ్చింది. అలిసిపోయాను. ఎవరైనా వచ్చి, ఇలా చెయ్యి అని చెబితే బాగుండును. పాపని అడగాలనిపించింది. పదమూడేళ్ళ పిల్లని ఏమని అడుగుతాను? కత్తెర ఇంకా బల్ల మీదే ఉంది.

ఏప్రిల్ 17

రిజిస్టర్ అప్పగించేటప్పుడు చివర ఇలా రాసి సంతకం పెట్టడం మా ఆఫీసు పద్ధతి.

ఈ పుస్తకములో మార్చి 5వ తేదీ పుట సహా, 1 నుండి 96 వరకు పుటలు కలవు. చించినవి లేవు. అతికించినవి లేవు. అంతయు నా స్వదస్తూరి. లెక్క చూసుకొని తీసుకొనగలరు.