కొట్టింది ఒకటి, పడింది ఒకటి

చిరంజీవి బావమరిదికి,

బావ దీవెనలు. మీరంతా అక్కడ క్షేమమని తలుస్తాను.

ఫోను చేయకుండా ఉత్తరమేమిటంటావేమో. ఫోనులో నువ్వు చెప్పేదాంట్లో సగం నాకు వినపడదు. వినపడిన సగానికి నేను చెప్పే జవాబు నీకు నచ్చదు. పోనీ మెయిలు పంపుదామంటే మీ అక్క కంప్యూటరుకు వైరస్ పట్టింది. అది తీగ వెంట పాకి నీ షాపులో కంప్యూటర్లకు అంటుకుంటే, రిపేరు చేసేవాడికే రిపేరొచ్చిందని నలుగురూ నవ్వుతారు. అందుకని ప్రింటు తీసి పోస్టు చేస్తున్నాను. కాగితానికి ఏ వైరసూ అంటదు.

జబ్బు ఏమిటంటే, నేను కొట్టేది ఒకటి, తెర మీద పడేది ఒకటి. ఇదిగో, నా క్షేమం రాస్తున్నాను చూడు: నేను బాగాలేను. వచ్చి చూడు.

(ఇది పెన్నుతో రాస్తున్నాను. నేను కొట్టింది "నేను బాగానే ఉన్నాను" అని. ఆఖరి అక్షరం మీంచి వేలు తీసేలోపల మారిపోయింది. ఏడుసార్లు చెరిపి ఏడుసార్లు కొట్టాను. ఎనిమిదోసారికి కూడా అది సిద్ధంగానే ఉంది, నాకే ఓపిక పోయింది.)

మీ అక్క ఉన్నప్పుడు ఈ పెట్టె ఎంత బుద్ధిగా ఉండేది. పదహారేళ్లు పెళ్లిపత్రికలు, అర్జీలు టైపు చేసింది, ఒక్క అక్షరం ఎదురు చెప్పలేదు. ఆమె పోయి నాలుగు నెలలు కాలేదు, అప్పుడే దీనికి నోరొచ్చింది. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన ఆ చివరి రోజుల్లో నన్ను పక్కన కూర్చోబెట్టుకుని రెండు వేళ్లతో కొట్టడం నేర్పింది. తప్పు కొట్టినప్పుడల్లా నేను "వైరస్" అనేవాణ్ణి. ఆమె దగ్గుతూనే నవ్వేది. ఇప్పుడు నిజంగానే వచ్చింది, చెప్పుకుందామంటే నవ్వేవాళ్లు లేరు.

దీనికి మందేదైనా ఉంటే రాయి.

ఆశీస్సులతో,
బావ

తా.క.: ఉత్తరమంతా చేత్తోనే రాయొచ్చు కదా అని అడగకు. గడియారాలు బాగుచేసేవాడి రాత డాక్టరు రాత కన్నా అన్యాయమని మీ అక్కే అనేది.

*

పూజ్యులైన బావగారికి,

నమస్కారాలు. మీ ఉత్తరం మీ చెల్లెలు ముందు చదివింది. "బాగాలేను, వచ్చి చూడు" అన్నచోట ఆగిపోయి సంచి సర్దడం మొదలుపెట్టింది. పెన్నుతో రాసిన ముక్క చదివి వినిపించి, ఆమెను ఆపేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది.

ముందు ఇంటర్నెట్ తీగ పీకేయండి. ఈ కవర్లో ఒక డిస్కు పెట్టాను. అది వేసి ఊరుకుంటే చాలు, లోపల మూలమూలా వెతుకుతుంది. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు గానీ ఇది పడుతుంది. చివర ఏం చూపించిందో రాయండి.

ఇప్పుడు నా ప్రశ్నలు. వేళకు తింటున్నారా? కొట్టు తెరుస్తున్నారా? చెయ్యి వణుకు ఎలా ఉంది? అన్నిటికీ కలిపి "అంతా మామూలే" అంటే కుదరదు. విడివిడిగా రాయండి.

ఇన్నేళ్లూ కవరు మీద అక్క పేరే రాసేవాణ్ణి. ఈసారి మీ పేరు రాయబోతే పెన్ను కాసేపు కదల్లేదు బావా.

మీ బావమరిది

తా.క.: కంప్యూటరు డబ్బా మాత్రం విప్పకండి. అది గడియారం కాదు.

*

చిరంజీవి బావమరిదికి,

దీవెనలు. నీ తా.క. ఉత్తరానికి మొదట్లో ఉండాల్సింది. అసలు మొదటి ఉత్తరానికి ముందే రావాల్సింది. నేను డబ్బా విప్పి అప్పటికే మూడు రోజులు.

పదకొండు మరలు విప్పాను, పదకొండూ బిగించాను. బిగించేటప్పుడు ఒకటి వేళ్లలోంచి జారి మంచం కిందికి దొర్లింది. దాన్ని పట్టి మళ్లీ దాని గూట్లో పెట్టేసరికి సాయంత్రమైంది. బ్రష్షుతో దుమ్ము దులిపి, ఫ్యానుకు ఒక చుక్క గడియారం నూనె వేశాను. ఇప్పుడది చప్పుడు లేకుండా తిరుగుతోంది. వైరస్ మాత్రం చెక్కుచెదరలేదు.

నీ డిస్కు రెండు గంటలు వెతికి "ఏమీ లేదు" అంది. దొంగ దొరకలేదంటే దొంగ లేడని కాదు, కాపలావాడికి కళ్లు కనపడవని.

నీ ప్రశ్నలకు జవాబులు. పొద్దున్నుంచి టీ తప్ప ఏమీ ముట్టలేదు. కొట్టు తాళం తియ్యబుద్ధి కావడం లేదు. చెయ్యి అలాగే ఉంది, డాక్టరు దగ్గరికి వెళ్లలేదు.

(పెన్నుతో: పై మూడూ వైరస్ రాసినవి. నేను కొట్టినవి "వేళకు తింటున్నాను", "కొట్టు రోజూ తెరుస్తున్నాను", "చెయ్యి వణకడం తగ్గింది".)

నాకు భయమేస్తున్నది ఎక్కడంటే, ఇది నన్ను చూస్తోంది. నేను టీ తాగి ఊరుకున్నానని దానికెవరు చెప్పారు? వంటింట్లోకి దాని తీగ కూడా లేదు. తప్పు రాసిందని పోట్లాడదామంటే అది తప్పు రాయడం లేదు. దొంగకు తేలు కుట్టినట్టుంది నా పని.

అంతకన్నా ఘోరం ఇంకొకటి. కొట్టు అద్దెకాగితం తిరగరాయమని యజమానికి ఉత్తరం ప్రింటు తీసి, మళ్లీ చదవకుండా పంపాను. "కొట్టు రోజూ తెరుస్తున్నాను" అన్నచోట ఏం పడిందో నీకు తెలుసు. ఆయన వచ్చి, "తెరవబుద్ధి కానప్పుడు బలవంతమెందుకండీ" అని ఎంతో దయగా, తలుపుకు అద్దెకిస్తామన్న బోర్డు కట్టి వెళ్లాడు. నెలాఖరులోగా తెరవకపోతే ఇంకొకరికి ఇస్తాడట. ముప్పై ఏళ్ల కొట్టు పోయేలా ఉంది.

ఇక ఓపిక లేదు. మొత్తం తుడిచెయ్యడం ఎలాగో రాయి.

బావ

తా.క.: తెర మీద మీ అక్క శాలువా కప్పాను. దాని కింద కాస్త మర్యాదగా ఉన్నట్టుంది.

*

పూజ్యులైన బావగారికి,

నమస్కారాలు. కోపం తెచ్చుకోనంటే ఒక మాట. ఈ వృత్తిలో పన్నెండేళ్లుగా ఉన్నాను. ఏ వైరసూ మనిషి తాగిన టీలు లెక్కపెట్టదు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, బాగాలేనని చెప్పడానికి మొహమాటమై మీరే ఇవన్నీ కొట్టి వైరస్ మీదకు నెడుతున్నారని మా ఇద్దరి అనుమానం. అక్క పోయిన రోజు కూడా వచ్చినవాళ్లందరికీ "నేను బాగానే ఉన్నాను, మీరు కూర్చోండి" అని కుర్చీలు వేసింది మీరే. నా దగ్గర కూడా అంత మొహమాటమా?

కాదు, నిజంగా వైరసే అంటే, తుడిచే పద్ధతి వేరే కాగితం మీద రాశాను. టైపింగు ప్రోగ్రాం మళ్లీ ఎక్కించే డిస్కు కూడా పెట్టాను. తుడిస్తే లోపల ఉన్నదేదీ మిగలదు, గుర్తుంచుకోండి.

తుడిచే ముందు నాకొక సాయం. అక్క పెళ్లిపత్రికలు వేగంగా కొట్టడానికి, రెండక్షరాలు నొక్కితే మూడు లైన్లు వాటంతటవే పడేలా ఒక జాబితా పెట్టుకునేది. "పొట్టి మాటలు" అని పేరు. అది ప్రింటు తీసి పంపండి. మా షాపులో టైపింగుకు పనికొస్తుంది. అక్క చేతి పని ఒకటి నా దగ్గర ఉన్నట్టూ ఉంటుంది.

మీ బావమరిది

తా.క.: మీ చెల్లెలు సర్దిన సంచి ఇంకా విప్పలేదు. తలుపు పక్కనే ఉంది.

*

చిరంజీవి బావమరిదికి,

ఈ ఉత్తరం మొత్తం చేత్తోనే రాస్తున్నాను. అక్షరాలు వంకరపోతే ఏమీ అనుకోకు. చెయ్యి వణుకుతోంది. చాలా రోజులుగా వణుకుతోంది.

నువ్వు చెప్పినట్టే చేశాను. పొట్టి మాటలు ప్రింటు తీశాను, పద్నాలుగు కాగితాలు. కవర్లో పెట్టొచ్చులే అని పక్కన పెట్టి, పెట్టె మొత్తం తుడిచేశాను. సాయంత్రానికి కొత్తదానిలా అయింది. "నేను బాగానే ఉన్నాను" అని కొట్టాను. కొట్టింది కొట్టినట్టే పడింది. గెలిచాననుకుని గ్లాసెడు టీ తాగాను.

తర్వాత కాగితాలు మడుస్తూ ఆఖరిది చూశాను. పైన "ఆయనగారి అబద్ధాలు" అని ఉంది. ఎడమవైపు నేను అనబోయే మాటలు, కుడివైపు వాటి బదులు పడాల్సిన అసలు సంగతి. బాగానే ఉన్నాను, వేళకు తింటున్నాను, కొట్టు తెరుస్తున్నాను, చెయ్యి తగ్గింది, అన్నీ వరుసగా ఉన్నాయి. ఇంకా నేను ఆడని అబద్ధాలు కూడా పదిహేను దాకా ఉన్నాయి. ఒక్కటీ వృథా పోయేది కాదు, అన్నీ ఎప్పుడో ఒకప్పుడు ఆడేవాణ్ణే. కింద తేదీ ఉంది. ఆసుపత్రి నుంచి వచ్చిన మూడో రోజు. ఆ రోజు మందులకు వెళ్లి వచ్చేసరికి పెట్టె ముందు కూర్చుని ఉంది. ఇప్పుడెందుకీ శ్రమ అంటే, "చిన్న పని మిగిలిపోయింది" అంది. ఎవరి పెళ్లిపత్రికో అనుకున్నాను.

నువ్వు మెకానిక్‌వి, నేను ముప్పై ఏళ్లు కాపురం చేసినవాణ్ణి. ఇద్దరికీ తట్టలేదు. నన్నెవరూ చూడలేదు బావమరిదీ. చూడకుండానే తెలుసు ఆమెకు.

ఇన్నాళ్లూ ఆమె నాతో పోట్లాడుతూనే ఉంది. నేను డబ్బా విప్పి, తీగ పీకి, శాలువా కప్పి, చివరికి నా చేత్తో తుడిచేశాను. ఇప్పుడు అబద్ధం కొడితే అబద్ధమే పడుతోంది, కాదనేవాళ్లు లేరు. నిన్న చాలాసేపు కొట్టి చూస్తూ కూర్చున్నాను. ఆమె పోయిన రోజు నేను ఏడవలేదని నువ్వు చూసే ఉంటావు. నిన్న ఏడ్చాను.

నీకు పదమూడు కాగితాలే పంపుతున్నాను. పద్నాలుగోది ఇవ్వను. నువ్వే వచ్చి, దాన్ని చూసి మళ్లీ పెట్టెలోకి ఎక్కించు. అబద్ధాలు ఎక్కడ ఏ ప్రోగ్రాంలో పెట్టాలో నాకు తెలియదు. కొట్టు తాళం కూడా నువ్వొచ్చాకే తీద్దాం, ఒక్కణ్ణే వెళ్లి తియ్యబుద్ధి కావడం లేదు.

నేను బాగాలేను. వచ్చి చూడు.

బావ

తా.క. ఒకటి: పై మాట వైరస్ రాసింది కాదు. మా చెల్లెలితో ఆ సంచి విప్పవద్దను.

తా.క. రెండు: జాబితాలో చివరి వరుస ఎడమవైపు "ఆమె లేకపోయినా అలవాటైపోయింది" అని ఉంది. కుడివైపు ఖాళీగా వదిలేసింది. అక్కడ ఏం రాయాలో నువ్వొచ్చాక చెప్పు.