నాన్నకు ఏ గది ఇవ్వాలంటే

అన్నయ్యా,

నాన్నను చెవి డాక్టరుకు చూపించాను. అక్కడ ఒక పరీక్ష పెట్టారు. హెడ్‌ఫోన్లలో ఒకాయన కథ చెబుతుంటాడు, వెనకాల జనం గోల వినిపిస్తుంది. కథ వింటూ ఎంత గోల ఓర్చుకోగలరో అంతవరకూ మీట తిప్పాలి. చాలామంది సగంలోనే ఆపేస్తారట. నాన్న చివరిదాకా తిప్పేశారు.

"ఇబ్బందిగా లేదాండీ?" అని డాక్టరమ్మ అడిగింది.

"కథ బాగానే వినిపిస్తోందమ్మా. వెనకాల వాళ్లు దేనికి పోట్లాడుకుంటున్నారో తెలియడం లేదు. ఇంకాస్త పెంచుతావా?" అన్నారు.

ముప్పై ఏళ్లు బస్టాండులో ఎంక్వైరీ కిటికీ దగ్గర కూర్చున్న మనిషి కదా. 'గోల వల్ల ఇబ్బంది లేదు' అని ఆవిడ చీటీ మీద రాసిచ్చింది.

ఇంటికొచ్చాక పిల్లలు అల్లరి చేస్తుంటే, ఎప్పటిలాగే ఆయన గది తలుపు వేయబోయాను.

"అమ్మాయ్, అది తీసే ఉంచు."

"గోలగా ఉంటుంది నాన్నా."

"అందుకే."

ప్రశాంతంగా ఉంటారని రెండేళ్లుగా ఆ తలుపు నేనే వేస్తున్నాను. ఆయన ఒక్కసారి కూడా వద్దనలేదు.

వచ్చే నెల నీ దగ్గరికి వస్తున్నారు. మేడ మీద చడీచప్పుడు లేని గది సర్దించానని రాశావు. అందులో పాత సామాను పెట్టుకో. నాన్న మంచం హాల్లో, వంటింటి గోడ పక్కన వేయించు. మిక్సీ వేసేటప్పుడు మొహమాటపడొద్దని వదినకు చెప్పు.

నీ చెల్లెలు