అమ్మ పొట్టలోంచి తీసిన నీళ్లు

లింబెర్ట్, తలకు కట్టిన గుడ్డ విప్పకు. కదిలిస్తే మళ్లీ నెత్తురు కారుతుంది. కుండలో బంగాళాదుంపల చారు ఉంది, వేడి చేసుకుని తాగు.

రుబ్బురాయితో కొట్టింది నేనే. నువ్వు తాగొచ్చి, మొక్కజొన్న కల్లు అనుకుని, అమ్మ బాగుండాలని భూమితల్లికి ధారపోసింది అమ్మ పొట్టలోంచి సూదితో తీసిన నీళ్లు. గర్భసంచి మూతిలోని క్యాన్సర్ పొట్టలోకి పాకిందో లేదో ఆ నీళ్లలోని కణాలు చూసి చెప్తామన్నారు డాక్టర్లు. ఇవాళ కొచబాంబా పట్నంలోని ల్యాబుకు నేను పట్టుకెళ్లాల్సిన సీసా అది. ఆపబోతే నా పన్ను రాలగొట్టావు.

మళ్లీ సూది పొడిపించడానికి అమ్మను తీసుకెళ్తున్నాను. "వాణ్ణి చంపేస్తావుటే, నా కోసమేగా పోశాడు" అని నన్నే తిడుతోంది.

నోల్బెర్తా అక్క

మధ్యాహ్నంలోగా ఆసుపత్రికి రా. సూది దింపేటప్పుడు నీ చెయ్యే పట్టుకుంటుందట, నాది వద్దట.